పొడుగుచేతుల చొక్కా బౌలరు

ఆ కబురు నాకు మొట్టమొదట తెచ్చింది మా ఇంటికి పూలు తెచ్చే మామ్మగారు. ఇందులో ఎవరి పేరూ రాయకూడదని అనుకున్నాను కాబట్టి ఆవిడని ఇలాగే పిలుస్తాను. వేసవి పొద్దున, వాకిట్లో ముగ్గు తడి ఇంకా ఆరలేదు. బుట్ట మీద తడిగుడ్డ తియ్యకుండానే అరుగు మీద కూలబడి, కొంగుతో విసురుకుంటూ చెప్పింది.

“వచ్చేడండి అమ్మాయిగారూ, ఒకడు వచ్చేడు! కాట్రేనికోన అవతల, సముద్రం పక్కోడంట. పైఊరోళ్లు తెచ్చుకున్నారు. బంతి ఎయ్యడం కనపడతందండి, రావడం కనపట్టంలేదు. కర్ర ఎగిరి పడ్డాక తెలుస్తంది, వచ్చెళ్లిపోయిందని.”

“ఏ చెయ్యి మామ్మా?”

“కుడిచెయ్యేనండి. ఇంత ఎండలోనూ పొడుగుచేతుల చొక్కా ఏసుకున్నాడు. మణికట్టు కాడ గుండీ కూడా పెట్టుకున్నాడండి, పెళ్లికొడుకులాగ.”

ఆ చొక్కా మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు.

తొంభైల చివరి ఏళ్లవి. నాకు పందొమ్మిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఆయాసం ఉండటంతో నన్ను బడికి పంపలేదు. అమ్మ పళ్లెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించింది. నాన్నగారు రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం వింటూ లెక్కలు నేర్పారు. ఇన్ని ఓవర్లకి ఇన్ని పరుగులైతే ఓవరుకి ఎన్ని అని అడిగేవారు. నేను భాగహారం పూర్తిచేసేలోపు ఎవరో ఒకరు ఫోరు కొట్టేవారు, లెక్క మళ్లీ మొదటికి వచ్చేది. బడికి వెళ్లలేదన్న దిగులు నాకెప్పుడూ లేదు. ఊపిరి అందని ఛాతీనిచ్చిన దేవుడే ఇంట్లో ఇద్దరు గురువులనిచ్చాడు. మేడ గదికి పడమటి కిటికీ కూడా ఇచ్చాడు.

ఆ కిటికీకి ఎదురుగా, పంటకాలవ అవతల, దాళ్వా పంట, అంటే రెండో వరి పంట, కోసిన చేను. కోతలయ్యాక దాన్ని చదునుచేసి, నీళ్లు చల్లి, ఖాళీ తారుడ్రమ్ము దొర్లించి పిచ్ తయారుచేసేవారు. చుట్టూ కొబ్బరిచెట్లు. బంతి చెట్టుకి తగిలితే రెండు పరుగులు. కాలవలో పడితే కొట్టినవాడు ఔటు, బంతి దొరకదు కాబట్టి. ఊరికో జట్టు, జట్టులో ఊళ్లోవాళ్లు పదిమందీ, బయటినుంచి తెచ్చుకున్న బౌలరు ఒకడూ. ఆ రెండు మూడు నెలలూ ఆ బౌలర్లకి అదే వృత్తి. ఇవాళ రాజోలు వైపు, రేపు కొత్తపేట వైపు, ఎవరు పిలిస్తే వాళ్లకి వేసేవారు.

మా కిటికీ సరిగ్గా లెగ్ అంపైరు నిలబడేచోటికి వెనక. అందుకని స్కోరు రాసే పని డ్రిల్లు మాస్టారు నాకు అప్పగించారు. హైస్కూల్లో రిటైరైన ఆయనే పోటీలకి పెద్ద. మైకులో పరుగులు చెప్పేదీ, తగువు తీర్చేదీ ఆయనే. ఒక ఏడు ఆఖరి బంతికి మావాళ్లు మొదటి పరుగుకి గీత తాకకుండానే రెండోదానికి వెనక్కి తిరిగితే నేను ఒక్కటే రాశాను. మా ఊరు ఒక్క పరుగుతో ఓడిపోయింది. మా బాబాయి, ఆయనే మా జట్టు కెప్టెను, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచీ పైఊరివాళ్లకి కూడా నా పుస్తకం మీద గురి కుదిరింది. “ఆ అమ్మాయి దీపం పెట్టే చేత్తో రాస్తది, తప్పు రాయదు” అనేవారట.

దీపం సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టాక, ఆ రోజు మనకి మేలు చేసినవాళ్లని ఒక్కొక్కరినీ మనసులో తలుచుకోవాలి. అమ్మ వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది, నాకు నేర్పింది. పాలు పోసినవాడు, దారి ఇచ్చినవాడు, జ్వరమొస్తే కషాయం పంపిన పక్కింటావిడ. తలుచుకున్నాక గానీ కుంకుమ పెట్టుకోకూడదు. ఇంతకన్నా పెద్ద పూజలు నాకు రావు.

ఆ ఏడు రోజూ పొద్దున్నే మా అరుగు మీద ఒకటే తగువు. ఇప్పుడున్న బౌలర్లలో ఎవడు గొప్ప? మా జట్టు తెచ్చుకున్నది అమలాపురం కాలేజీలో చదివే పొడుగాటి కుర్రాడిని. అతన్ని అందరూ కాలేజీ అనేవారు. పైఊరివాళ్లు తెచ్చుకున్నది సముద్రప్పక్క అతన్ని. చిన్నప్పటినుంచి విసురువల వేసిన భుజమట. అందుకని వలాయన అన్నారు. బాబాయి కాలేజీ పక్షం. పూలమామ్మగారు వలాయన పక్షం. నాన్నగారు కొబ్బరి ఒలిచేవాళ్లకి పని చూపిస్తూ, పేపరు చూస్తూ, ఏ పక్షమూ కాకుండా ఇద్దరికీ ఎగసనదోసేవారు.

“మావాడు బంతిని గాల్లో తిప్పుతాడు మామ్మా. చదువుకున్న చెయ్యది” అనేవాడు బాబాయి.

“తిప్పుతాడండి, కాదన్లేదు. ముందు జుట్టు తిప్పుకుంటాడు, తర్వాత కాలరు తిప్పుకుంటాడు. ఈలోగా నాకు రెండు మూరలు కట్టడం అయిపోతందండి.”

“అసలు నీకు బంతికీ బత్తాయికీ తేడా తెలుసా?”

“ఎందుకు తెల్దండి బాబూ? బత్తాయైతే మీరు పట్టుకుంటారు.”

ముందురోజు బాబాయి రెండు క్యాచులు వదిలేశాడు. ఒలుపువాళ్లు కొబ్బరికాయలు కిందపెట్టి మరీ నవ్వారు. బాబాయి చెవులు ఎర్రబడి నా వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పమ్మా. పుస్తకం నీ దగ్గరుంది. ఎవరు గొప్ప?”

“పుస్తకంలో ఇద్దరికీ వెంట్రుకవాసి తేడా బాబాయ్” అని తప్పించుకునేదాన్ని.

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. కాలేజీ బంతి వేస్తుంటే నేను పెన్సిలు చెక్కుకునేదాన్ని. వలాయన పరుగెత్తడం మొదలుపెడితే చేతిలో పెన్సిలున్న సంగతే మర్చిపోయేదాన్ని. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి, అమ్మ కిందనుంచి “కూర్చోవే తల్లీ” అని కేకేసేది. కూర్చోలేకపోయేదాన్ని. ఆ ఎండాకాలమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. దేవుడి గదిలోంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి మెట్ల దాకా, మళ్లీ వెనక్కి.

పైఊరికీ మాకూ ఆట పడింది. గెలిచినవాళ్లు ఫైనలుకి వెళతారు. ఆ మధ్యాహ్నం వలాయన వేసిన తీరు ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. పొట్టి పరుగు. ఆఖరి అడుగులో నడుము వంచి, వల విసిరేటప్పటి తిరుగుడే, భుజమంతా ముందుకొచ్చేది. బంతి సరిగ్గా కొట్టేవాడి బొటనవేలి దగ్గర పడేది. మావాళ్లు వరసగా వచ్చి వరసగా వెళ్లారు. బాబాయి మొదటి బంతికే పోయాడు. మధ్యకర్ర రెండు పల్టీలు కొట్టి వికెట్‌కీపరు కాళ్ల దగ్గర పడింది.

బాబాయి కదల్లేదు. బ్యాటు నేలకేసి కొట్టి, “అది బౌలింగు కాదు, విసురు! చెయ్యి వంచి విసురుతున్నాడు!” అని అరిచాడు. లెగ్ అంపైరు మా ఊరివాడే. అతనూ “ఔను, నేనూ చూశాను” అన్నాడు. పైఊరివాళ్లు ఊరుకుంటారా? “మీ అంపైరు మీవాడు, మీకు కావలసిందే చూస్తాడు” అని పిచ్ మీదికొచ్చారు. ఆట ఆగిపోయింది. వలాయన మాత్రం కుడిచేతి గుండీ సరిగా ఉందో లేదో చూసుకున్నాడు.

కాసేపటికి డ్రిల్లు మాస్టారు కాలవ మీది తాటిపట్టె దాటి మా కిటికీ కిందికొచ్చారు. వెనక రెండు జట్లవాళ్లూ.

“అమ్మా, పక్కనుంచి తిన్నగా కనబడేది నీకే. నువ్వెంత చెబితే అంత అని ఇద్దరూ ఒప్పుకున్నారు. వేసేటప్పుడు అతని చెయ్యి వంగుతోందా?”

నా జీవితంలో మొదటిసారి అంతమంది మగవాళ్లు నా మాట కోసం తలలెత్తి చూస్తున్నారు. ఊచలు వదిలి నిటారుగా నిలబడ్డాను. గర్వమే అది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. నాకు కనబడింది కనబడినట్టు చెబితే చాలుననుకున్నాను. క్షణం కూడా ఆలోచించలేదు.

“వంగే ఉందండి మాస్టారూ” అన్నాను.

కింద పెద్ద కేక లేచింది. మావాళ్ల కేక. మాస్టారు తల దించుకుని వెనక్కి వెళ్లి మైకులో చెప్పారు, ఫలానా బౌలరు ఇకనుంచి బంతి వెయ్యరాదని. వలాయన నా కిటికీ వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. మన ఊరి బస్సు వెళ్లిపోతుంటే చూస్తామే, అలా చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని చేల గట్టున నడిచి వెళ్లిపోయాడు. మావాళ్లు గెలిచారు. ఆ సాయంత్రం ఫైనలు మాట్లాడుకుంటూ బాబాయి నాకు జీళ్లు తెచ్చిపెట్టాడు. నోట్లో పెట్టుకుంటే కరగలేదు.

మర్నాడు మామ్మగారు పూలు ఇచ్చి, అరుగెక్కకుండానే బుట్ట ఎత్తుకుంది.

“కూర్చో మామ్మా.”

“పనుందండి. ఇంకో నాలుగు ఊళ్లు తిరగాలి. నిన్న మీ మాట నా కంటే ముందే తిరిగేసిందండి. రాజోలు వైపు కూడా అతన్ని పిలవరంట. ‘ఆ మేడ అమ్మాయి చెప్పింది కదా’ అంటన్నారు.”

“నేను చూసిందే చెప్పాను మామ్మా.”

“ఆయ్, చెప్పేరండి. నేను పూలు చూసి చెబుతాను, వాసన చూడకుండా. వాడిపోయినయ్యో లేదో కొన్నోళ్లకి తెలుస్తది.”

ఆ సాయంత్రం దీపం పెట్టి, మేలు చేసినవాళ్లని తలుచుకుంటుంటే మొదట వచ్చింది అతని ముఖమే. అన్ని మధ్యాహ్నాలు నన్ను కిటికీ దగ్గర నిలబెట్టినవాడు. మేలే కదా. తలుచుకోబోతే మనసు సాగలేదు. కుంకుమ పెట్టుకోకుండానే లేచాను. రెండో రోజూ అంతే. మూడో రోజు వత్తి వేస్తుంటే నూనె ఒలికింది. నేను చెప్పింది నిజమే. చెయ్యి వంగే ఉంది. మరి నిజం చెప్పినవాళ్లకి నిద్ర పట్టాలి కదా? ఏం తప్పిపోయిందో తెలియదు, ఏదో తప్పిపోయిందని మాత్రం తెలుసు. రోజుకి పదిసార్లు ఆ రోజు స్కోరు పేజీ తీసి చూసేదాన్ని. అంకెలన్నీ సరిగానే ఉండేవి.

నా తిరుగుడు చూడలేక అమ్మ కోటిపల్లి మొక్కు గుర్తుచేసింది. నా ఆయాసం తగ్గితే సోమేశ్వరస్వామికి అభిషేకం చేయిస్తానని ఎప్పుడో మొక్కుకుంది. ఆయాసం తగ్గలేదు గానీ, “ఇన్నాళ్లు ఊపిరి నిలిపాడు, దానికైనా వెళ్లొద్దాం” అంది. ముక్తేశ్వరం రేవుకి వెళ్లి ఏరు దాటించే పంటు ఎక్కాలి. గోదావరి బాగా తీసిపోయి, ఇసకలో చాలాదూరం నడవవలసి వచ్చింది. పంటుకి వేసిన చెక్క దగ్గర ఎక్కేవాళ్లకి చెయ్యి అందిస్తూ ఒకతను నిలబడి ఉన్నాడు. పొడుగుచేతుల చొక్కా. మోకాలి దాకా మడిచిన లుంగీ.

నేను అక్కడే ఆగిపోయాను. అమ్మకి అతనెవరో తెలియదు. చెక్క ఊగుతుంటే భయపడి చెయ్యి చాపింది. అతనూ చాపాడు. రెండు చేతుల మధ్యా జానెడు దూరం మిగిలిపోయింది.

“ఇంకాస్త చాపు బాబూ, అందటం లేదు” అంది అమ్మ.

“ఇది ఇంతేనండి అమ్మగారూ. ఇంతకి మించి సాగదండి” అంటూ నీళ్లలోకి ఒక అడుగు దిగి, ఎడమచేత్తో అమ్మని ఎక్కించాడు.

అప్పుడు చూశాను. మోచెయ్యి దగ్గర చొక్కాకి విడని మడత. బరువు లాగినా, మనిషి వంగినా, ఆ వంపు అలాగే ఉంది. తలుపుకి బిగించిన గొళ్లెం కొక్కెంలాగ. బంతి వేసేటప్పుడు కూడా అది అలాగే ఉండి ఉంటుంది. వంగి, వంగినట్టే వచ్చి, వంగినట్టే వెళ్లి. నేను చూసింది నిజమే. దాని అర్థమే నాకు తెలియలేదు.

పంటు కదిలాక అమ్మ గట్టుకేసి చూస్తూ జపం చేసుకుంటోంది. నేను అంచు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లాను. మగవాళ్లతో అలా ఎదురుపడి మాట్లాడటం నాకు కొత్త.

“నేను ఆ కిటికీ...”

“తెల్సండి” అన్నాడు. “ఎనిమిదేళ్లప్పుడు పడవ ఒడ్డుకి లాగతంటే మీద పడిందండి. మా ఊళ్లో ఎముకలు కట్టే తాత కట్టేడు. ఎముక అతుక్కుంది, మడత అతుక్కుపోయింది.”

“ఆ రోజు ఎందుకు చెప్పలేదు? చొక్కా మడిచి చూపిస్తే సరిపోయేది కదండీ.”

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“మస్కట్ వెళ్లడానికి కాయితాలు పెట్టేనండి. మెడికల్ ఉంటది. మా ఏజెంటు బామ్మర్ది ఆ రోజు ఆట చూస్తన్నాడండి, గొడుగేసుకుని, కొబ్బరిచెట్టు కింద. అవిటి చెయ్యని ఆడి చెవిన పడితే పాసుపోర్టు నా మొహాన కొట్టేస్తారు. బరువులెత్తుతానండి, వలేస్తాను, తాడు లాగుతాను, ఏ పనికీ అడ్డు రాదు. మాటే అడ్డొస్తదండి.”

చేతిలో తాడు చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత, నాతో కాదన్నట్టు, “ఆట పోతే పోయింది. మోసగాడన్నారని మా నాన్నకి తెలిసిందండి. ఆయన నాతో వల దగ్గర కూడా మాట్టాట్టంలేదు” అన్నాడు.

కోటిపల్లిలో అభిషేకం జరుగుతుంటే నేను స్వామిని ఏమీ అడగలేదు. నిజం చెప్పి ఒకరి పేరు పోగొట్టాను. ఇంకో నిజం చెబితే వీసా పోతుంది. చెప్పకపోతే పేరు పోయినట్టే ఉంటుంది. గంటలు మోగుతుంటే ఇదే తిరుగుతోంది తలలో. తిరుగు పంటులో అతను కనబడలేదు. ఇసకలో నడుస్తూ ఆయాసంతో రెండుసార్లు కూర్చుండిపోయాను. రెండోసారి లేచేటప్పుడు తట్టింది, మాస్టారు నన్ను అడిగింది వంగుతోందా అని. నేను చెప్పింది వంగి ఉందని. ఆ రెండూ ఒకటేనా?

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి నడిచి వెళ్లాను, ఒక్కదాన్నే. మూడు వీధులు. ఆయన పెరట్లో అరటిపిలకలు తవ్వుతున్నారు. నన్ను చూసి గునపం పక్కన పెట్టారు.

“మాస్టారూ, ఒకటి అడగాలండి. చెయ్యి వంగి ఉండటం తప్పా? వంగింది సాగటం తప్పా?”

ఆయన తన కుడిచెయ్యి ఒకసారి వంచి, చాపి చూసుకున్నారు. “సాగటమే తప్పమ్మా. వంగి ఉన్నది వంగినట్టే ఉంటే అది సక్రమమైన బంతే. ఆ రోజు నేను అడగవలసింది అదీ. గోలలో తప్పుగా అడిగాను.”

“నేను తప్పుగా చెప్పానండి. వంగి ఉండటం చూశాను. సాగటం నేను చూడలేదు. ఒక్క బంతికి కూడా చూడలేదు. ఇది మైకులో చెప్పండి. నా మాటగానే చెప్పండి.”

“చెబుతాను” అన్నారు. “ఇంత ఎండలో ఆ పొడుగుచేతుల చొక్కా ఏమిటా అనుకునేవాణ్ని. నాకేమీ తెలియదులే. నాకు తెలిసిందని నువ్వూ అనుకోకు.” తర్వాత చేతికంటిన మట్టి దులుపుకుంటూ నవ్వారు. “అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉందమ్మా. అందులో చెయ్యి వంచి విసరడమే విద్య. వాళ్లకీ ఊరూరా ఇదే తగువట, ఇప్పుడు ఎవడు గొప్ప విసురుగాడని. మనవాడు అక్కడ పుట్టి ఉంటే మనిద్దరికీ ఈ తిప్పలు తప్పేవి.”

ఫైనలు రోజు, ఆట మొదలవకముందే మాస్టారు మైకు తీసుకున్నారు. స్కోరు రాసే అమ్మాయి తన మాట సరిదిద్దుకుంటోందనీ, ఫలానా బౌలరు చెయ్యి సాగటం ఆమె చూడలేదనీ, తాను ఇచ్చిన తీర్పు తప్పనీ, అతని మీద ఇక ఏ మాటా లేదనీ చెప్పారు. చేను చేనంతా నా కిటికీ వైపు తిరిగింది. ఎవరో ఈల వేశారు. “నాలికకి ఎముకుండదు కదండీ, ఎటైనా వంగుతది” అని ఒకడు అరిస్తే చాలామంది నవ్వారు. బాబాయి ఆ రోజంతా పైకి చూడలేదు. నేను కిటికీ మూయలేదు. ఊచలు పట్టుకుని నిలబడే ఉన్నాను. కాళ్లు మాత్రం ఆ పూట తిరగలేదు.

మా జట్టు ఫైనలు ఓడిపోయింది. దానికీ నేనే కారణమన్నారు. పోనిద్దురూ.

తొలకరి జల్లు పడిన వారానికి, తెల్లవారుతుండగా, మామ్మగారు మళ్లీ అరుగెక్కింది. “కిటికీ తియ్యండి అమ్మాయిగారూ, త్వరగా తియ్యండి” అంది. తీశాను. చేను మీద ముగ్గురే ఉన్నారు. లెగ్ అంపైరు చోట డ్రిల్లు మాస్టారు. ప్యాడ్లు లేకుండా బ్యాటు పట్టుకుని బాబాయి. మాస్టారే బలవంతంగా లేపి తీసుకొచ్చారట. ఇంకో చివర వలాయన. మస్కట్ వీసా వచ్చింది. మెడికల్లో రక్తం, ఛాతీ, కళ్లు చూశారు గానీ చెయ్యి చాపమని ఎవరూ అడగలేదట. ఆ రాత్రి బస్సుకి బొంబాయి వెళ్లిపోతున్నాడు. వెళ్లేముందు ఒక్క ఓవరు వేసి వెళతానని మాస్టార్ని అడిగాడట.

అతను గుండీ విప్పాడు. కుడి చొక్కాచెయ్యి భుజం దాకా మడిచాడు. ఆ వంపు పొద్దుటి వెలుగులో అంత దూరం నుంచీ కనబడింది. బాబాయికి కూడా కనబడింది. బ్యాటు కొంచెం కిందికి వాలింది.

ఆరు బంతులు. నేను పుస్తకం తెచ్చి రాసుకున్నాను. మొదటిది బాబాయి ఆడలేకపోయాడు. రెండోది కర్ర ఎగరేసింది. మాస్టారు కర్ర మళ్లీ పాతారు. మూడూ నాలుగూ బ్యాటుకి తగిలాయి. అయిదోది బాబాయి గట్టిగా కొట్టాడు, తిన్నగా వెళ్లి కాలవలో పడింది. మన రూలు ప్రకారం ఔటే. ముగ్గురూ కాలవ గట్టున నిలబడి, బంతి తూము కిందికి కొట్టుకుపోవడం చూశారు. ఆరో బంతికి బంతి లేదు. అతను బంతి లేకుండానే పరుగెత్తుకొచ్చి చెయ్యి తిప్పాడు. బాబాయి బ్యాటు ఊపాడు. మాస్టారు ఏం చూపించాలో తెలియక రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. పుస్తకంలో ఆ గడిలో ఏం రాయాలో నాకూ తెలియలేదు. ఖాళీగానే వదిలేశాను.

బాబాయి అతని దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకెప్పుడూ చెప్పలేదు. మర్నాడు అరుగు మీద మళ్లీ కాలేజీ గొప్పదనం ఎత్తాడు గానీ, మామ్మగారు మూతి తిప్పుకుంటే ఎదురు చెప్పలేదు.

“ఇప్పుడు చెప్పండి అమ్మాయిగారూ” అందావిడ. “ఎవరు గొప్పండి?”

“వలాయనే మామ్మా” అన్నాను. మొదటిసారి పైకి అన్నాను.

“ఆయ్. అలా చెప్పండి” అని, ఆ రోజు ఒక మూర ఎక్కువే కోసింది.

ఆ తర్వాత అతని కబురు నాకు రెండుసార్లే తెలిసింది. రెండూ మామ్మగారు తెచ్చినవే. మస్కట్‌లో రేవులో తాళ్లు కట్టే పని అనీ, వెళ్లే రోజు వాళ్ల నాన్నే బస్సు దాకా పెట్టె మోశాడనీ. రెండు వేల సంవత్సరం దాటాక మామ్మగారు పోయింది, కబుర్లూ ఆగిపోయాయి. ఇప్పుడు ఆ చేను చేపలచెరువైంది. కిటికీ తీస్తే నీళ్ల మీద ఎండ కళ్లలో పడుతుంది. అతనెక్కడున్నాడో తెలియదు. ఇన్నేళ్లకి వీసా, మెడికల్ అడిగే వయసు దాటిపోయి ఉంటుందని, ఆ చెయ్యి సంగతి ఇప్పుడు రాయడానికి ధైర్యం చేశాను. తప్పైతే క్షమించాలి.

అతను చివరి ఓవరు వేసి వెళ్లిన సాయంత్రం నేను దీపం పెట్టి అతన్ని తలుచుకున్నాను, మనసు సాగింది, కుంకుమ పెట్టుకున్నాను. అప్పటినుంచీ ఒక్కరోజూ మానలేదు. నా ఊపిరి ఎన్నాళ్లు నడుస్తుందో దేవుడికెరుక. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో దీపం పెట్టేవేళ, మీకు తెలిసినవాళ్లందరినీ తలుచుకున్నాక, సముద్రం పక్కనుంచి వచ్చిన ఆ పొడుగుచేతుల చొక్కా మనిషిని కూడా ఒక్కసారి తలుచుకోండి. అతను ఏ బంతీ విసరలేదు.